మిల్లంతా ఒకటే ఇల్లు

"ఆ చెంబు ఆడ పెట్టు. నీ చేతి నీళ్లు నాకొద్దు."

రామేశ్వరమ్మ తల తిప్పకుండానే అన్నది. ఆమె కొడుకింట్లో గుక్కెడు నీళ్లు ముట్టక ఇది మూడో దినం. వంటింటి గడప తొక్కలేదు. పొద్దున లేచి మొహం కడుక్కుని వీధరుగు మీద కూర్చోవడం, తర్వాత లేచి, తనతోపాటు మిల్లులో పప్పు ఏరే జతగత్తె మదార్ బీ ఇంటికి పోవడం, చీకటి పడేవేళకు వచ్చి అదే అరుగు మీద కొంగు పరుచుకుని పడుకోవడం. ఇంతే.

ఓబులేసు చెంబుతో నిలబడ్డాడు. ప్రొద్దుటూరులో చెనిక్కాయలు ఒలిచి పప్పు తీసే తిమ్మయ్య శెట్టి మిల్లుకు మేనేజరు అతను. ముప్పై ఏళ్లు నిండకముందే వందమందికి పని చెప్పే కుర్చీలో కూర్చున్నవాడు. ఇప్పుడు తల్లి ముందు ఆ చెంబు కింద పెట్టడానికి కూడా చేతులు రాలేదు.

లోపలినుంచి అతని భార్య కృష్ణవేణమ్మ గొంతు వచ్చింది.

"లోపలికన్నా రమ్మని చెప్పు. వీధంతా చూస్తాండారు. కొడుకింట్లో ఉపాసముండి మదార్ బీ ఇంట్లో తినొస్తాంది. మన మొగాన ఉమ్మడమొకటే తక్కువ."

"తింటే ఏం? వండేది నేనే గదా," అన్నది రామేశ్వరమ్మ. "ఆమెకు చెయ్యి ల్యా. ఆమె కొడుక్కు పని ల్యా. చెయ్యంటే మిషను బెల్టు లాక్కున్యాది. పని ఎవరు లాక్కున్యారు? చెప్పమ్మా, నువ్వే చెప్పు."

లోపల కృష్ణవేణమ్మ గిన్నె ఒకటి దడాలున కింద పెట్టింది.

"నీ జేబులో ఆ కాయితం నకలు ఉండాది గదా," అని రామేశ్వరమ్మ కొడుకు వైపు తిరిగింది. మూడు దినాల్లో అతన్ని సూటిగా చూడడం అదే మొదలు. "తీ. సదువు."

"ఇప్పుడెందుకుమా?"

"ఆ పొద్దు సదవలేదు గదా. ఇప్పుడన్నా సదువు. నా ఏలిముద్ర ఏమేం మాట్లాడిందో నేను ఇనొద్దా?"

ఓబులేసు వీధి అటూ ఇటూ చూశాడు. చెంబు అరుగు మీద పెట్టి, కాగితం తీసి, గొంతు తగ్గించి మొదలుపెట్టాడు.

"ఈ మిల్లులో పనిచేయు మేమందరమూ ఒకే కుటుంబమునకు చెందినవారము. మా యజమానిగారు మాకు తండ్రివంటివారు. వారితో మాకు ఎట్టి తగవులును లేవు. మాకు సంఘము అవసరము లేదు..."

"ఆగినావే?"

"అంతే మా."

"అంతే అయితే ఆమె కొడుకు గౌస్ పీర్‌ను ఎందుకు తీసేసినారు? మిగిలింది సదువు."

అతను చెంబు కాస్త దూరంగా జరిపి మళ్లీ కాగితం ఎత్తాడు. 

"గౌస్ పీర్ అను ఫిట్టరు మమ్ములను బెదిరించి, కల్లబొల్లి మాటలు చెప్పి, మా కుటుంబములో చిచ్చు పెట్టుచున్నాడు. అతనిని మిల్లునుండి తొలగింపవలసినదిగా మేమే ప్రార్థించుచున్నాము."

"మేమే అంటే ఎవరు?"

"ముద్రలు వేసినోళ్లు."

"ముందు ఏసిందెవరు?"

ఓబులేసు కాగితం మడిచాడు. మడతలు సరిగ్గా కలవలేదు. మళ్లీ విప్పి మళ్లీ మడిచాడు.

"ఉగాదికి మిల్లు అయ్య చీరలిస్తాండాడు, ఇది చీరల పట్టీ, పేరుకెదురుగా ఏలు ఒత్తండి అంటివి," అన్నది రామేశ్వరమ్మ. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండునని ఓబులేసుకు అనిపించింది. "నేను ముందు ఒత్తితే నా ఎనక ఆడోళ్లంతా వరసగా ఒత్తిరి. మేనేజరు తల్లే ఒత్తింది, మనకేం బయం అనిరి. నీకు అమ్మవారు పోసినప్పుడు, నేను పనికి పోకుంటే ఇంట్లో సంగటి ల్యాని దినాల్లో, నీ పక్కన ఏపమండ పట్టుకుని కూచున్యాది ఎవరు? మదార్ బీ. ఆమెకుండేది ఒక్క కొడుకు. ఆ కొడుకును పనిలోంచి తీసేయమని నేను ప్రార్థించుచున్నానంట."

ఆ పుస్తకాల మాట ఆమె నోట్లో వింతగా మోగింది.

"గౌస్ పీర్ సంగతి ఇచారించనీకి ఈ పొద్దు కర్నూలు నుంచి లేబర్ ఆఫీసరు వస్తాడంట. అడిగితే ఉన్నది చెప్తా. నువ్వు తయారుగా ఉండు."

ఆమె లేచి చీర దులుపుకుని మెట్లు దిగింది. కృష్ణవేణమ్మ పరుగున గడప దాటి వచ్చింది.

"అత్తా! ఉన్నది చెప్తే నీ కొడుకు గతేం కావాల? ఈ ఇల్లు అయ్య ఇచ్చింది. ఆయన చదువు అయ్య చెప్పించింది. నా కడుపులో..." అని ఆగిపోయింది.

రామేశ్వరమ్మ ఒక్క క్షణం నిలబడింది గానీ వెనక్కి తిరగలేదు. మదార్ బీ ఇంటి వైపు నడిచిపోయింది.

కృష్ణవేణమ్మ మొగుడి మొహం చూసి కోపంగా అన్నది. "ఏమట్లా నిలబడినావు? నీకు బయం ల్యా?"

భయం ఉంది. కానీ దానికంటే ముందు ఓబులేసు మనసులో ఒక ఊరట కదిలింది. తల్లే చెప్పేస్తే తాను నోరు తెరిచే పని ఉండదు. ఆ ఆలోచన వచ్చినందుకు అతనికి తన మీద తనకే రోత పుట్టింది.

* * *

తిమ్మయ్య శెట్టి ఫలహారం చేస్తున్నాడు. ఓబులేసును చూడగానే పక్క పీట చూపించాడు.

"రారా. తిన్నావా? ల్యాదు గదా, నీ మొగమే చెప్తాంది. ఏమ్మా, వీనికి ఉగ్గాణి పెట్టండి."

అరవై దాటిన మనిషి. మోకాళ్లు దాటని పంచె, నుదుట గంధం బొట్టు. మిల్లులో ఎవరి బిడ్డకు ఏ ఊరి సంబంధం కుదిరిందో, ఎవరి అత్తకు కళ్లు కనిపించడం లేదో ఆయనకు తెలుసు. మదార్ బీ చెయ్యి బెల్టులో పడినప్పుడు తన కారులోనే కడపకు తీసుకుపోయాడు. రెండు దినాలు ఆసుపత్రి వరండా బెంచీ మీదనే కూర్చున్నాడు. ఆ మాట ఆయన ఎవరితోనూ చెప్పుకోలేదు. డ్రైవరు చెబితే తెలిసింది.

రామేశ్వరమ్మ మొగుడు పోయిన ఏడే ఓబులేసును బడిలో వేసింది ఆయన. ఎస్సెస్సెల్సీ దాకా చదివించి, గుమాస్తాగా పెట్టుకుని, మేనేజరును చేసింది ఆయన. ఆ మంచితనం ముందు ఓబులేసు ఎప్పుడూ పిల్లవాడే. తలెత్తి మాట్లాడడం అతనికి చేతకాదు.

"అయ్యా, ఒక్క మాట."

"చెప్పు."

"గౌస్ పీర్‌ను మళ్లా పనిలోకి తీసుకుంటే... ఆఫీసరు రాకముందే..."

శెట్టి తినడం ఆపాడు. ఆయన మొహంలో కోపం లేదు, నొప్పి ఉంది.

"నాకు వాని మింద పగా ఏంరా? వాడు వచ్చి, అయ్యా తప్పయింది అంటే ఈ నిమిషం తీసుకుంటా. సంఘం పెట్టి నోటీసు ఇచ్చినాడు చూడు, అది ఈడ తగిలింది." గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "బిడ్డ తండ్రికి రిజిస్టరు పోస్టులో జాబు రాస్తాడా? మిల్లంతా ఒకటే ఇల్లు అనుకుంటిని. ఇంట్లో ఒక పొయ్యే ఉండాల, ఒక మాటే ఉండాల. ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు లాగితే అది ఇల్లెట్లయితాది? ఎవడో బయటోడు వాని చెవిలో ఇసం పోసినాడు. వాడు చెడ్డోడు కాదు."

"వాడు అడిగింది బెల్టుకు అడ్డంగా ఇనప జాలీ కట్టమనే గదయ్యా."

"అదే నేను చెప్తాండా! జాలీ కావాలని వచ్చి అడిగుంటే కట్టించనా? నా మిల్లులో ఆడకూతురి చెయ్యి ఇరగాలని నాకుంటాదా? ఒక్కరన్నా నాకు చెప్పినారా? పోనీ, నీకు చెప్పినారా?"

ఓబులేసు ముందున్న పళ్లెంలో బొరుగుల ఉగ్గాణి పొగలు కక్కుతోంది.

గౌస్ పీర్ అతనికి మూడుసార్లు చెప్పాడు. మొదటిసారి దీపావళి తర్వాత, నవ్వుతూనే. రెండోసారి ఆఫీసు గదికి వచ్చి, నిలబడి. మూడోసారి, "ఓబులేసన్నా, ఆడోళ్ల కొంగులు గాలికి ఆ బెల్టు మిందికే పోతాండాయి, ఒక్కసారి అయ్య చెవిన వెయ్యి" అని చెయ్యి పట్టుకుని అడిగాడు. మదార్ బీ చెయ్యి నలిగింది ఆ తర్వాత ఎనిమిదో దినాన.

మూడుసార్లూ "చెప్తాలే" అన్నాడు ఓబులేసు. మూడుసార్లూ చెప్పలేదు. అయ్య సంతోషంగా ఉన్నప్పుడు ఎందుకు చెడగొట్టాలి అనుకున్నాడు. అయ్య చిరాకుగా ఉన్నప్పుడు ఇది సమయం కాదనుకున్నాడు. తగవు మాటలు పైకి రాకుండా చూసుకునేవాడే మంచి మేనేజరని అతని లెక్క. తనకు ఆ కుర్చీ దక్కింది అందుకేనని కూడా అతనికి తెలుసు.

"ల్యాదయ్యా," అన్నాడు. "నాకూ చెప్పలేదు."

"చూసినావా?" అని శెట్టి మళ్లీ తినసాగాడు. "మదార్ బీ కూడా ఏలిముద్ర ఏసిందని చూసినాకనే నాకు కంటి నిండా నిద్ర పట్టింది. కన్నతల్లే కొడుకు దారి తప్పినాడని ఒప్పుకున్యాక ఆ ఆఫీసరు మాత్రం ఏమంటాడు?"

ఓబులేసు పళ్లెం మీదికి వంగి ఉగ్గాణి కలపసాగాడు.

ఆ ముద్ర సంగతి అతనికొక్కడికే తెలుసు. భార్యకు కూడా చెప్పలేదు. కాగితం నిండా ముద్రలు పడిన సాయంత్రం, "మదార్ బీ మనసు కూడా తెలిస్తే బాగుండుగదరా" అని శెట్టి ఊరికే అన్నాడు. తెమ్మనలేదు. కానీ మరునాడు ఓబులేసు బత్తాయిలు కట్టించుకుని కడప బస్సెక్కాడు. ఆసుపత్రిలో మదార్ బీ మంచం పక్కన గంటసేపు కూర్చున్నాడు. కుడిచెయ్యి భుజం దాకా కట్టు. ఆమె ఎడమచేత్తో అతని తల నిమిరి, "అన్నం తిన్నావా బేటా" అని అడిగింది. కాగితం జేబులోంచి తీయడానికి చేతులు రాలేదు. బత్తాయిలు ఇచ్చి లేచి వచ్చేశాడు.

ప్రొద్దుటూరులో దిగి నేరుగా మిల్లు ఆఫీసుకు పోయాడు. తలుపు గడియ పెట్టుకుని మదార్ బీ పేరుకెదురుగా తన బొటనవేలే ఒత్తాడు.

"అందరికీ సదివే గదా ముద్రలు ఏయించింది?" అని అడిగాడు శెట్టి.

ఓబులేసు నోరు తెరిచాడు. ఈసారి చెప్పేవాడేనేమో. శెట్టే చెయ్యి అడ్డం ఊపాడు.

"వద్దులే. నేనడగను. సదివినా, సదవకున్యా అదే ముద్ర ఏసుందురు. నా బిడ్డల మనసు నాకు తెలీదా? తిను, సల్లారిపోతాంది."

ఓబులేసు తిన్నాడు. అయ్య ఎదురుగా కూర్చుని పళ్లెం ఖాళీ అయ్యేదాకా తిన్నాడు. 

* * *

పదకొండింటికి మిషన్లు ఆపించారు. ఆ చప్పుడు లేని మిల్లు ఎవరిదో వేరే వాళ్ల చోటులాగా ఉంది. గోడౌను నీడలో బల్ల వేసి లేబర్ ఆఫీసరును కూర్చోబెట్టారు. కోస్తా మనిషి, సన్నగా ఉన్నాడు, మెడకు చెమట తుడుచుకుంటూనే ఉన్నాడు. శెట్టి తెప్పించిన మజ్జిగ ముట్టకుండా మంచినీళ్లు అడిగి తాగాడు.

పప్పు ఏరే ఆడవాళ్లంతా ఒక పక్క నేల మీద కూర్చున్నారు. రామేశ్వరమ్మ ముందు వరసలో ఉంది. ఆమె పక్కనే, ఆసుపత్రి నుంచి వచ్చి వారమైనా కాని మదార్ బీ, కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆఫీసరు పిలిపిస్తే గౌస్ పీర్ గేటు లోపలికి వచ్చాడు. తాను ఎనిమిదేళ్లు నడిపిన మిషను వైపు ఒకసారి చూసి, దూరంగా నిలబడ్డాడు. ఓబులేసు వైపు మాత్రం చూడలేదు.

"మాలో మాకు తగవేమీ లేదండీ," అన్నాడు శెట్టి. "ఇది ఒకే ఇల్లు. తండ్రీ బిడ్డల నడుమ మూడో మనిషి ఎందుకని నా బాధ."

"తగవు లేని ఇంటికి నన్నెవరూ పిలవరండీ," అన్నాడు ఆఫీసరు నెమ్మదిగా. కాగితం బల్ల మీద పరిచాడు. అందరివైపూ చూసి గొంతు పెంచాడు. "ఒక మాట ముందే చెబుతున్నాను. దీంట్లో ఏముందో చెప్పకుండా, వేరే ఏదో చెప్పి ఎవరైనా మీచేత వేలిముద్రలు వేయించి ఉంటే, అది నేరం. వేయించినవాడి మీద కేసు పెట్టాల్సి వస్తుంది, జైలు కూడా పడొచ్చు. కనుక నిజమే చెప్పండి. మొదటి ముద్ర... రామేశ్వరమ్మ ఎవరమ్మా?"

రామేశ్వరమ్మ లేచింది.

ఓబులేసు తల వంచుకున్నాడు. ఇంక అయిపోయింది అనుకున్నాడు. తల్లి చెప్పేస్తుంది, తాను ఊరికే నిలబడితే చాలు.

"ఇది మీ ముద్రేనా?"

"నాదే సార్."

"వేసేముందు మీకు చదివి వినిపించారా?"

ఆమె తల తిప్పింది. కొడుకును చూసింది. ఆ చూపు మీద పడినట్టు ఓబులేసుకు తెలిసింది గానీ తలెత్తలేదు. ఎత్తి ఉంటే ఏమయ్యేదోనని అతను తర్వాత ఎన్నోసార్లు అనుకున్నాడు.

"సదివినాడు సార్," అన్నది రామేశ్వరమ్మ.

ఆడవాళ్లలో చిన్న కదలిక పుట్టింది.

"ఏమని రాసుంది దీంట్లో?"

"మేమందరమూ ఒకే కుటుంబము అని ఉండాది. అయ్య మాకు తండ్రివంటివాడు అని ఉండాది. సంఘము వద్దని ఉండాది." పొద్దున వీధరుగు మీద కొడుకుచేతనే చదివించుకున్న మాటలు, పొల్లు పోకుండా అప్పజెబుతోంది. "గౌస్ పీర్... గౌస్ పీర్ చిచ్చు పెట్టుచున్నాడని ఉండాది. నేను ఇనే ఏసినా."

"పెద్దమ్మా!" అన్నాడు గౌస్ పీర్. 

రామేశ్వరమ్మ కూర్చుంది. ఆమె పక్కనున్న ఆడవాళ్లు అటూ ఇటూ జరిగారు.   ఇరవై ఏళ్లుగా ఒకే పప్పు రాశి చుట్టూ మోకాలికి మోకాలు తగులుతూ కూర్చున్నవాళ్లు. జరగనిది మదార్ బీ ఒక్కతే.

శెట్టి కళ్లు తుడుచుకున్నాడు. "చూడండి సార్. నేను చెప్తే మీరు నమ్మకపోతిరి."

 తల్లి మూడు దినాలు నీళ్లు మానిందీ, ఉన్నది చెప్తానన్నదీ, అన్నీ ఓబులేసు కోసం ఒక్క మాటతో కాల్చేసుకుంది. అందరి కళ్ల ముందు, తన జతగత్తె కళ్ల ముందు, అబద్ధాలకోరుగా కూర్చుంది. అతను చెయ్యాల్సిన పని ఆమె మీద వదిలేశాడు గనకనే ఇదంతా.

ఆఫీసరు కాగితం మీద వేలు జరుపుకుంటూ వచ్చాడు. ఆగాడు.

"పదహారు. మదార్ బీ. మీరేనా? ఈ ముద్ర మీదేనా అమ్మా?"

మదార్ బీ లేవబోయింది. ఆఫీసరు వద్దన్నాడు.

"ఏ దినం సారూ అది?"

ఆఫీసరు తేదీ చెప్పాడు.

"ఆ పొద్దు నేను కడప ఆసుపత్రిలో ఉంటి."

"మీ మేనేజరు అక్కడికే వచ్చి వేయించానంటున్నారే?"

"వచ్చినాడు. అబద్ధమాడకూడదు. బత్తాయిలు తెచ్చినాడు. నా తలకాడ కూచుని కండ్లనీళ్లు పెట్టుకున్యాడు." ఆమె కట్టు చెయ్యి ఒళ్లో సర్దుకుంది. "కాయితం మాత్రం చూపించలేదు సారూ. కుడిచెయ్యి కట్టులో ఉండె. ఎడమచేత్తో బేటా తల నిమిరినా. అంతే."

శెట్టి ఓబులేసు వైపు తిరిగాడు. 

ఆఫీసరు కాగితం ఎత్తి వెలుగుకు పెట్టి చూశాడు. "ఆడవాళ్ల వేలికి ఇది పెద్దగా ఉంది. ఎవరిదిది?"

 మిల్లు బయట ఎవరిదో బండి పోతున్న చప్పుడు స్పష్టంగా వినిపించింది.

"నాదే సార్," అన్నది రామేశ్వరమ్మ మళ్లీ లేచి.  "ఆమె పేరు మింద నేనే ఏసినా. జతగత్తె గదా అని ఏసినా. తప్పు నాది. నా కొడుక్కు తెలీదు."

మదార్ బీ ఆమె చీర కుచ్చిళ్లు పట్టుకుని లాగింది. "ఏమ్మే రామేశ్వరీ, పిచ్చి పట్టిందా నీకు? కూచో!"

"సరే," అన్నాడు ఆఫీసరు. "సిరా తెప్పించండి. ఆమె ఇక్కడ మళ్లీ ముద్ర వేస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం."

సిరా డబ్బా తేవాల్సింది ఓబులేసే. అది అతని బల్ల సొరుగులోనే ఉంది. లోపలికి పోయాడు, తెచ్చాడు, మూత తీసి బల్ల మీద పెట్టాడు. రామేశ్వరమ్మ అప్పటికే బల్ల దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది. పప్పు ఏరి ఏరి గోళ్లు అరిగిపోయిన చెయ్యి. వేలి మీద గీతలు కూడా సరిగ్గా మిగల్లేదు.

ఆమె వేలు సిరాను తాకకముందే ఓబులేసు ఆ చేతిని పక్కకు జరిపాడు.

"ఒరే!" అన్నది తల్లి. "ఒద్దురా. నీ పెండ్లాం నీళ్లోసుకున్యాది. ఒద్దు!"

అతను తన బొటనవేలు సిరాలో ముంచి, పదహారో పేరు పక్కన, తన పాత ముద్ర పక్కనే ఒత్తాడు.

"ఇది నాది సార్," అన్నాడు. ఇంకా చెప్పాల్సింది ఉంది.  సిరా అంటిన వేలు చొక్కాకు తుడుచుకున్నాడు. "మా అమ్మ చెప్పింది అబద్ధం. ఎవరికీ నేను చదివి వినిపించలేదు. చీరల పట్టీ అని చెప్పినా. బెల్టుకు జాలీ కట్టమని గౌస్ పీర్ నాకు మూడుసార్లు చెప్పినాడు. అయ్యకు నేను చెప్పలేదు. మదార్ బీ చెయ్యి పోయింది నావల్ల."

ఆ చివరి మాట ఎవరూ అడగలేదు. చెప్పాక అతనికి తేలిక పడుతుందనుకున్నాడు. పడలేదు. మదార్ బీ తలవంచి తన కట్టు చెయ్యి చూసుకుంటోంది. గౌస్ పీర్ రెండడుగులు ముందుకు వేసి, తల్లిని చూసి ఆగిపోయాడు. రామేశ్వరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

తిమ్మయ్య శెట్టి లేచాడు. నెమ్మదిగా వచ్చి ఓబులేసు భుజం మీద చెయ్యి వేశాడు. ఎప్పటి చెయ్యే, ఎప్పటి బరువే.

"పిల్లోనికి ఒంట్లో బాగలేదు సార్. నాలుగు దినాలుగా చూస్తాండా, తిండి ల్యా, నిద్ర ల్యా. ఏం మాట్లాడతాండాడో వానికే తెలీదు. ఇది మా ఇంటి విషయం. మేం సర్దుకుంటాం. పారా ఓబులేసూ, ఇంటికి పోదాం."

చిన్నప్పుడు జాతరలో తప్పిపోయినప్పుడు కూడా ఆ గొంతే అతన్ని ఇంటికి పిలిచింది. కాళ్లు వాటంతట అవే కదలబోయాయి.

"ఒక్క నిమిషం," అన్నాడు ఆఫీసరు. కలం తీసుకున్నాడు. "అతను ఇప్పుడు చెప్పిందంతా నేను రాసుకోవాలి. ఓబులేసుగారూ, ఒకే ఒక్క ప్రశ్న. మదార్ బీ ముద్ర కావాలని మీతో ఎవరన్నారు?"

భుజం మీది చెయ్యి బిగుసుకుంది.

ఓబులేసు తలెత్తి శెట్టి కళ్లలోకి చూశాడు. ఇన్నేళ్లలో ఎన్నడూ అలా చూసి ఎరుగడు. ఆ కళ్లలో కోపం లేదు, ప్రేమా లేదు. భయం ఉంది. తన కొలువుకాడు ఏం చెబుతాడోనని ఒక యజమాని పడే భయం.

ఎవరూ అడగలేదంటే అది నిజమే. అయ్యే అన్నాడంటే అదీ నిజమే. మొదటిది చెబితే జైలు తనకొక్కడికే. రెండోది చెబితే, తనను ఇంత మనిషిని చేసిన మనిషి కూడా బోనులో తన పక్కన నిలబడాలి.

"చెప్పండి," అన్నాడు ఆఫీసరు.